తాళాలు పెరిగినవి, తాళపుచెవులు పోయినవి

(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్యను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విద్యను గురించి చెప్పగలవారు ఈ వేదిక మీదనే నలుగురున్నారు. నేను తాళాలను గురించి చెబుతాను. ఇనుప తాళాలు కావు, పాస్‌వర్డులు.

మా అమ్మీ కొంగుకు రెండే తాళపుచెవులుండేవి. ఒకటి సందూకుది, రెండోది వీధి తలుపుది. ఆమె పోయిననాడు ఆ రెండూ విప్పి మా ఆపా చేతిలో పెట్టాము, అంతటితో ఇల్లు చేతులు మారింది. ఈవేళ నా సంగతి చూడండి. బ్యాంకుకొకటి, ఏటీఎముకొకటి, ఫోన్‌పే పిన్ను వేరు, ఫోను తెరవడానికి వేరు, ఈమెయిలుకు, కరెంటు బిల్లుకు, గ్యాసుకు, రైలు టిక్కెట్టుకు, పింఛను కాగితాలకు వేరువేరు. మొన్న లెక్క పెడితే ఇరవై మూడు తేలినవి. ముప్ఫయి ఏళ్ళు బడిపిల్లల హాజరు పట్టీ చూడకుండా చదివిన వాణ్ణి, ఈ ఇరవై మూడూ అప్పజెప్పలేకపోయాను.

ఒక్కోచోట ఒక్కో షరతు. ఇక్కడ పెద్దక్షరం ఉండాలి, అక్కడ అంకె ఉండాలి, ఇంకొకచోట నక్షత్రం గుర్తు ఉండాలి. అన్నీ పెట్టి ఊపిరి పీల్చుకుంటే మూడు నెలలకు మళ్ళీ మార్చమంటారు. పాతది పెడితే ఒప్పుకోదు. అది పాతదని దానికి జ్ఞాపకమున్నది, మనకు లేదు!

ఈ షరతులు ఎక్కడినుంచి వచ్చినవో తెలిస్తే మీకు నవ్వు వస్తుంది. 1960 దశకం మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఒకే కంప్యూటరును అనేకమంది పంచుకొనేవారు. ఒకరి కాగితాలు ఒకరు చూడకుండా ఫెర్నాండో కార్బటో గారు పాస్‌వర్డు ఏర్పాటు చేశారు. 1962లోనే అక్కడి పరిశోధక విద్యార్థి ఒకాయన, తనకిచ్చిన గంటలు చాలక, అందరి పాస్‌వర్డుల జాబితాను ముద్రింపజేసి తీసుకున్నాడు. అంటే తాళమూ దొంగతనమూ ఇంచుమించు కవలలే. ఆ తర్వాత 2003 ప్రాంతంలో బిల్ బర్ అనే అధికారి అక్కడి ప్రమాణాల సంస్థ కోసం ఈ పెద్దక్షరాలూ, గుర్తులూ, తరచు మార్చడాలూ వ్రాశాడు. లోకమంతా అదే పట్టుకున్నది. 2017లో, పదవీ విరమణ చేశాక, తాను వ్రాసినదానిలో చాలా భాగానికి చింతిస్తున్నానని ఆయనే చెప్పాడు. ఆ ఏడాదే ఆ సంస్థ కూడా, ఊరికే మార్పించవద్దు, గుర్తుల నిర్బంధం వద్దు, పొడుగుగా ఉంటే చాలునని సవరించుకున్నది. ఆ సవరణ మన వీధిదాకా ఇంకా పూర్తిగా రాలేదు.

మనవాళ్ళకు ఇంకొక చిక్కు అదనం. దించుకున్న ఆధార్ కాగితానికి పాస్‌వర్డు ఏమిటి? పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మన జిల్లాలలో పేరు ముందు షేక్ అని వ్రాయని ఇల్లు ఎన్ని? ఒకే ఏడు పుట్టిన షేకులందరికీ ఒకటే తాళపుచెవి! ఇది నవ్వులాట సంగతి. ఏడిపించే సంగతి మరొకటి. ఒక కాగితంలో షేక్‌కు చివర హెచ్ ఉంటుంది, ఇంకొకదానిలో ఉండదు. మహమ్మద్ ఒకచోట నిండుగా, ఒకచోట రెండక్షరాలుగా ఉంటుంది. మన కంటికి అంతా ఒక మనిషే, కంప్యూటరుకు ఇద్దరు. పాస్‌వర్డు మరచిపోయి కొత్తది అడిగినప్పుడు ఈ పేరే అడ్డు తగులుతుంది.

పోయిన ఏడు మన సంఘం తరపున స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టించిన ఒక అమ్మాయికి జరిగినది చెబుతాను. మొదటిసారి దరఖాస్తు నెట్ సెంటరులో పెట్టారు. ఇంట్లో ఫోను లేదని ఆ కుర్రవాడు తన నంబరే వేశాడు. మంచికే వేశాడు. మరుసటి ఏడు పునరుద్ధరణకు ఓటీపీ ఆ నంబరుకే పోయింది, కుర్రవాడేమో కొట్టు ఎత్తివేసి పనికి గల్ఫ్ వెళ్ళాడు. నంబరు మార్పించేసరికి గడువు దాటింది. ఆ పిల్ల ఫీజు ఈ సంఘమే కట్టింది, అల్ హందులిల్లాహ్. కాని ఆ రూపాయలు ఇంకొక పిల్లకు పోవలసినవి గదా.

ఇప్పుడు నా ఇంటి సంగతి. చెప్పాలా వద్దా అని తటపటాయించాను. చెప్పమన్నది మా ఆపాయే.

మా బావగారు ఫజర్ నమాజు చేసి వచ్చి కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఆయనది. వ్యాపారమంతా ఫోనులోనే. ఆ ఫోనుకు గీత గీసే తాళం. ఆ గీత ఆయన వేలికి తప్ప ఎవరికీ తెలియదు. జనాజా నమాజుకు ముందు, ఈయన ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి అని నేనే నిలబడి అడిగాను. ఒక పెద్దమనిషి సిగ్గుపడుతూనే, నలభై వేలు రావాలి మాస్టారూ అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. ఆపా చేతి గాజులు అమ్మి నెలలోగా తీర్చింది. మయ్యిత్ మీద అప్పు ఉండరాదని ఆమె పట్టుదల.

ఫోనుకు రీచార్జి చేయాలని ఎవరికీ తోచలేదు. మూడు నెలలు వాడకపోతే నంబరు రద్దు చేయవచ్చు, ఆ పిమ్మట అది ఇంకొకరికి పోతుంది. ఆయన నంబరు అట్లాగే పోయింది. బ్యాంకు చుట్టూ తిరిగి తిరిగి నాలుగో నెలలో లెక్కల కాగితం సంపాదిస్తే, అందులో ఆ నలభై వేలూ రెండు దఫాలుగా పంపినట్టు కనబడింది. ఆ పెద్దమనిషికి చూపించాము. ఆయన కూలబడ్డాడు. ఆయన ఫోనూ ఖాతా కొడుకు చూస్తాడట, పాస్‌వర్డు ఆయనకు తెలియదట, కొడుకు చెప్పలేదట. డబ్బు ఆ రోజే తెచ్చి ఇచ్చాడు. గాజులు మాత్రం కరిగించేశారు.

బఖరా సూరాలో 282వ ఆయత్, ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, అప్పు వ్రాసి పెట్టుకొమ్మని చెప్పేదే. బావగారు వ్రాయలేదనడానికి లేదు. వ్రాశారు, తాళం వేసిన పెట్టెలో వ్రాశారు.

అందుచేత నేను కోరేది ఒకటే. ప్రతి ఇంటి పెద్దా ఒక కాగితం మీద ఏ బ్యాంకులో ఖాతా ఉన్నది, ఏ బీమా ఉన్నది, నామినీ ఎవరు, ఏ నంబరుకు కబుర్లు వస్తాయి, ఎవరికి ఇవ్వాలి, ఎవరు ఇవ్వాలి, భార్య మెహర్ చెల్లిందా లేదా, ఇవి వ్రాయండి. పిన్నులు వ్రాయవద్దు. మనిషి పోయాక ఆయన కార్డుతో డబ్బు తీయడం సరైన పని కాదు, వారసులలో తగవులు దానితోనే మొదలవుతాయి. నామినీ ద్వారా అడగండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. అయితే నామినీ అంటే సొంతదారు కాదు, అమానతుదారు. ఖననం ఖర్చులు, అప్పులు, మెహర్ పోగా, వసీయత్ ఉంటే మూడోవంతుకు మించకుండా తీర్చి, మిగిలినది వారసుల వాటాల ప్రకారం పోవాలి. పెద్దకొడుకును నామినీ వేసి చెల్లెళ్ళ వాటా మింగిన ఇళ్ళు మన పేటలో లేవంటారా? పేర్లు చెప్పను, కూర్చోండి.

పాత ఖాతాలు మరచినవారికి 2023లో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అని ఒక ఏర్పాటు చేసింది, పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్లు అందులో వెదకవచ్చు. మన కుర్రవాళ్ళు చూపిస్తారు. ఓటీపీ మాత్రం వాళ్ళకు కూడా చెప్పకండి, నాకూ చెప్పకండి. మోసపోయామనిపిస్తే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

కాగితాలూ కవర్లూ గుమ్మం పక్క బల్ల మీద పెట్టించాను. వ్రాయడం రానివారికి వచ్చే జుమా తర్వాత ఆఫీసు గదిలో నేను కూర్చుని వ్రాసిపెడతాను. స్త్రీలకు మా ఆపా వ్రాస్తుంది. నా కవరు ఇంకా అతికించలేదు. నిన్న రాత్రి కరెంటు బిల్లు వాళ్ళది మళ్ళీ కొత్త పాస్‌వర్డు పెట్టమన్నది, దానితో తెల్లవారింది.