మంచు క్రింది వేడి

ఆర్కిటిక్ సముద్రమున శీతకాలపు రాత్రి నెలల తరబడి సాగును. అచ్చటి మంచు క్రింద వెచ్చని నీరు కలదన్న నమ్మబుద్ధి కాదు. 1893లో ‘ఫ్రాం’ అను ఓడను కోరి మంచులో చిక్కుపడనిచ్చి, దానితో తేలిపోయిన నార్వే శాస్త్రజ్ఞుడు నాన్సెన్ ఈ సంగతిని కొలిచి చూపెను. పైనీరు సున్నకు దాదాపు 1.8 డిగ్రీలు దిగువన గడ్డకట్టు స్థితిలో ఉండగా, సుమారు 200 మీటర్ల లోతున సున్నకు పైబడిన అట్లాంటిక్ జలము దొరకెను. వెచ్చదనమన్నది అచ్చటి లెక్కకే సుమా. మనము చేయి పెట్టలేము.

వెచ్చనిది పైకి తేలవలదా యని శ్రోతలు అడుగవచ్చును. అంత చల్లని నీటికి బరువు నిచ్చునది ముఖ్యముగా ఉప్పు. అట్లాంటిక్ జలమున ఉప్పు హెచ్చు. నదులు కలిసిన పైపొరలో తక్కువ. ఈ తేలిక పొరయే మంచుకు కావలి.

అయితే తుపాను గాలి మంచును ఈడ్చును. మంచు కవ్వమువలె నీటిని చిలుకును. 2015 జనవరి మొదలు జూన్ వరకు స్వాల్‌బార్డ్‌కు ఉత్తరమున మంచుతో తేలిన ‘లాన్స్’ ఓడవారు దీనిని కొలిచిరి. లోతైన చోట శీతకాలమున మంచుకు చేరిన వేడి చదరపు మీటరుకు రెండు వాట్ల పాటిది. వెచ్చని నీరు పైకి చేరువైన చోట తుపాను తోడైనప్పుడు అది 100 వాట్లకు చేరెను. మంచు అడుగు రోజునకు 25 సెంటీమీటర్ల వరకు కరగెను.

ఆ కావలి పొర తూర్పు భాగమున సడలుచున్నది. అచ్చట శీతకాలమున పైకి వచ్చు వేడి 2007–08లో మూడు నాలుగు వాట్లు. 2016–18 నాటికి పదికి మించెను. ఆ మేరకు శీతకాలమున మందమెక్కవలసిన మంచు ఎక్కకుండ పోయినది.