రావణకాష్ఠం అంటే సరిపోతుందా?



మా అమ్మాయి పరీక్షకు నోట్సు రాసుకుంటూ మొన్న ఒక దినపత్రిక వ్యాసంలోంచి ఓ ముక్క ఎత్తి రాసుకుంది. లెబనాన్‌లో 1975 నుంచి 1990 దాకా క్రైస్తవులూ, ముస్లింలూ యుద్ధం చేసుకున్నారట. "ఎందుకే?" అన్నాను. "మతాలు వేరు కదమ్మా" అంది. పిల్లదాన్ని అని ఏం లాభం? ఆ వ్యాసంలో అంతకు మించి లేదు.

విదేశాల్లో అంతర్యుద్ధం వస్తే చాలు, మన పత్రికల వ్యాఖ్యలన్నీ ఒకే పోపు పెట్టిన కూరల్లాగా ఉంటాయి. దేశం భగ్గుమంటుంది, అట్టుడుకుతుంది, రావణకాష్ఠంలా మండుతుంది. పాలు పొంగాయంటే కింద మంట ఎవరో పెట్టారనేగా? ఆ పెట్టినవాళ్ళెవరో మాత్రం చెప్పరు.

లెబనాన్ సంగతే చూడండి. 1943లో ఆ దేశపు పెద్దలు ఒక ఒప్పందానికి వచ్చారు. అధ్యక్షుడు మారోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ ముస్లిం. పార్లమెంటులో ఆరుగురు క్రైస్తవులకు అయిదుగురు ముస్లింలు. దానికి ఆధారం 1932 నాటి జనాభా లెక్క. ఆ తరవాత మళ్ళీ లెక్క తీయనేలేదు. ఉమ్మడి కుటుంబంలో తాతగారి నాడు వేసిన వాటాలే ఉంచి, ఇంట్లో ఇప్పుడెంతమంది ఉన్నారో లెక్కపెట్టనివ్వకపోతే ఏమవుతుందో మనలో చాలామందికి తెలుసు.

యుద్ధం మొదలైందని అందరూ చెప్పే రోజు 1975 ఏప్రిల్ 13. బీరూట్ శివారులో పాలస్తీనీయులు వెళ్తున్న బస్సు మీద కాల్పులు జరిగి 20 మందికి పైగా చనిపోయారు. సరే. కానీ అంతకు ముందు ఫిబ్రవరిలోనే సైదా పట్టణంలో జాలర్లు ఊరేగింపు తీశారు. సముద్రంలో వేట హక్కు ఒక పెద్ద కంపెనీకి కట్టబెడితే తమ పొట్ట గడవదని వాళ్ళ మొర. ముందు నడిచిన మాజీ శాసనసభ్యుడు మారూఫ్ సాద్‌కు తుపాకి గుండు తగిలి, కొద్దిరోజులకు చనిపోయారు. చేపల తగాదాలో మతమెక్కడుందండీ?

మతం లేనే లేదని కాదు నా మాట. గుర్తింపు కార్డు మీద మతం చూసి దారిలో మనుషుల్ని చంపిన రోజులున్నాయి. అది దాచిపెడితే నేనూ ఆ వ్యాసకర్తలాంటి దాన్నే అవుతాను. కానీ "రెండు మతాలు" అన్న లెక్క ఎక్కడ నిలబడింది? 1976లో సిరియా సైన్యం వచ్చి మొదట ఆదుకున్నది, ఓడిపోతున్న క్రైస్తవ పక్షాన్ని. 1982లో ఇజ్రాయెల్ బీరూట్ దాకా వచ్చింది. 1985 నుంచి షియాల అమల్ దళాలు పాలస్తీనా శరణార్థుల శిబిరాలను ముట్టడించాయి. 1988లో అమల్, హిజ్బుల్లా కొట్టుకున్నాయి, ఇద్దరూ షియాలే. 1990లో జనరల్ ఔన్ సైన్యమూ, లెబనీస్ ఫోర్సెస్ అనే క్రైస్తవ దళమూ తమ సొంత వీధుల్లోనే ఫిరంగులు పేల్చుకున్నాయి. ఇవన్నీ అందరికీ తెలిసిన సంగతులే. వ్యాసం రాయబోయే ముందు ఒక్క పూట చదువుకుంటే దొరుకుతాయి.

ఇంకొకటి నాకు మరీ కష్టం కలిగించింది. ఆ వ్యాసంలో నాయకులున్నారు, దళాలున్నాయి, దేశాలున్నాయి. ఆడవాళ్ళు లేరు.

1982 సెప్టెంబరులో వదాద్ హల్వానీ అనే ఉపాధ్యాయిని భర్తను ఇంట్లోంచి పట్టుకుపోయారు. ఆమె ఎక్కని గడప లేదు. చివరికి, తనలాంటి వాళ్ళుంటే రండి, కలుసుకుందామని రేడియోలో కబురు పెట్టించింది. ఏ నలుగురో వస్తారనుకుంటే వందలమంది ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఫలానా మతం వాళ్ళని చెప్పటానికి లేదు. ఒకామె భర్తను ఈ దళం పట్టుకుపోతే, పక్కనున్నామె కొడుకును ఆమె మతం వాళ్ళ దళమే పట్టుకుపోయింది. రేడియో ముందు కూచుని నాలుగు మాటలు చెప్పే దాన్ని గనక, ఆ కబురు సంగతి నా మనసులో ఉండిపోయింది.

కనబడకుండా పోయిన వాళ్ళు 17 వేల మందని ప్రభుత్వ లెక్క. 1991లో చట్టం చేసి దళాల వాళ్ళకు క్షమాభిక్ష పెట్టారు. వాళ్ళలో కొందరు మంత్రులయ్యారు. ఈ ఆడవాళ్ళు మాత్రం ఫొటోలు పట్టుకుని వీధుల్లో నిలబడ్డారు. 2005 నుంచి బీరూట్ నడిబొడ్డున, ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఎదుట గుడారం వేసుకుని ఏళ్ళ తరబడి కూచున్నారు. కూతురూ, కొడుకూ ఇద్దరూ మాయమైన ఒక తల్లి 2009లో ఆ గుడారం దగ్గరే రోడ్డు దాటుతూ కారు గుద్ది పోయింది. తప్పిపోయిన వాళ్ళేమయ్యారో తెలుసుకునే హక్కు కుటుంబాలకు ఉందని చట్టం చేసింది 2018 నవంబరులో. అప్పటికి యుద్ధం ఆగి 28 ఏళ్ళు.

ఇదంతా చెబితే మా అమ్మాయి కాసేపు ఊరుకుని, "పరీక్షలో ఇదంతా రాస్తే మార్కులు వేస్తారా అమ్మా?" అంది. ఏమో, వెయ్యరేమో. అయినా ఆ వాక్యం కొట్టేసి, పక్కన జాలర్ల ఊరేగింపు తేదీ రాసుకుంది.