మన పల్లీలు, ముందు మన ఇంటికి



హిమాచల్ కొండల్లో దొరికే చిల్గోజా పప్పు కిలో వేల రూపాయలు పలుకుతది. 100 గ్రాముల్లో మాంసకృత్తులు సుమారు 14 గ్రాములు. మన ఖిల్లా ఘణపూర్ చెల్కల్లో పండే పల్లీల్లో సుమారు 25 గ్రాములు! యాసంగి పంటంతా మార్కెట్‌కు తోలితే పిల్లల చేతికి చిప్స్ ప్యాకెటే మిగులుతది. అందుకే ఇంటికో బస్తా ఉంచుకుందాం. జొన్నరొట్టెలోకి పల్లీల కారం, పిల్లలకు బెల్లం పట్టీలు చేద్దాం. మరీ చిన్నోళ్లకు పొడి కొట్టి పెడదాం.

ఒక్క జాగ్రత్త. తడి కాయకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతది. అది కాలేయాన్ని చెడగొడుతది, వేయించినా పూర్తిగా పోదు. కాయ గలగలమనేదాకా ఎండబెడదాం. బూజు పట్టినవి ఏరి పారేద్దాం, గొడ్లకు కూడా వేయొద్దు.

పండించేది మనం. మొదటి పిడికెడు మన పిల్లలకే దక్కాలె.