పసిచేతి అచ్చు



మన గన్నవరం చుట్టుపక్కల, పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. సెలవులకు వచ్చిన మనవలు నాలుగు వారాలు ఇల్లంతా సందడి చేసి, మళ్లీ విమానం ఎక్కేస్తారు. వెళ్లేముందు అమ్మమ్మకో నాయనమ్మకో ఏం ఇవ్వాలా అని కూతుళ్లూ కోడళ్లూ ఆలోచిస్తారు. కొన్న వస్తువు ఎంత ఖరీదైనా బీరువాలో చేరుతుంది. పసివాడి అరచేతి అచ్చయితే గోడమీద ఉంటుంది. మరుసటేడు చెయ్యి ఆనించి చూస్తే ఎంత ఎదిగాడో తెలుస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో దీన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. పిల్లల చేతిని తడి ప్లాస్టరులో ఎన్నడూ పెట్టకండి. జిప్సం అనే ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల దాకా వేడిచేస్తే, దానిలో ఇమిడివున్న నీటిలో ముప్పాతిక వంతు పోతుంది. మిగిలిన పొడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీళ్లు కలపగానే ఆ పొడి, పోయిన నీటిని తిరిగి పీల్చుకుని గట్టిపడుతుంది. గట్టిపడుతూ వేడెక్కుతుంది. ముద్ద ఎంత పెద్దదైతే వేడి అంత ఎక్కువ. 2007లో ఇంగ్లండులో ఒక పదహారేళ్ల విద్యార్థిని బడిలో అచ్చు తీయడానికి ప్లాస్టరు బక్కెట్లో చేతులు పెట్టింది. అది బిగుసుకుపోయి చేతులు బయటికి రాలేదు. కాలిన గాయాలతో ఆ అమ్మాయి చాలా వేళ్లు పోగొట్టుకుంది.

ఎముక విరిగితే ఆస్పత్రిలో కట్టేది ఇదేగా అంటారేమో. అది పలచని పట్టీ, కింద దూది ఉంటుంది, కట్టేవారికి ఆ పని తెలుసు. మనం మాత్రం చేతిని మట్టిలోనే అద్దాలి.

కుమ్మరివారి దగ్గర మెత్తని బంకమట్టి తెచ్చి, రాళ్లు ఏరి, చపాతీ పిండిలా పిసకండి. చెక్కమీద అంగుళం మందాన పరిచి, బిడ్డ అరచేతిని సమంగా అద్ది తీసేయండి. చెయ్యి కడిగి బిడ్డను పంపించేయండి. ఆ గుర్తు చుట్టూ మట్టితోనే అంగుళం ఎత్తు గట్టు కట్టండి.

ఇప్పుడు పాత ప్లాస్టిక్ గిన్నెలో ఒక గ్లాసు నీళ్లు పోసి, రెండు గ్లాసుల పొడి కొద్దికొద్దిగా చల్లండి. పొడిమీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. దుమ్ము పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రెండు నిమిషాలు నాననిచ్చి, నురగ రాకుండా నిదానంగా కలిపితే దోసెల పిండిలా వస్తుంది. వెంటనే పోసి, బుడగలు పైకి తేలేలా చెక్కను చిన్నగా తట్టండి. చిక్కబడుతుండగా వంచిన తీగ గుచ్చితే తగిలించడానికి కొక్కెమవుతుంది. పేరూ తేదీ అప్పుడే పుల్లతో వెనకవైపు గీయండి. మట్టిలో రాస్తే అక్షరాలు తిరగబడతాయి.

వేడెక్కి చల్లారాక, సుమారు గంటకు మట్టి ఒలిచేయండి. అరచెయ్యి ఉబ్బెత్తుగా, గీతలతో సహా కనిపిస్తుంది. పోసేటప్పుడు ఎంత తొందరో, ఆరబెట్టేటప్పుడు అంత నిదానం కావాలి. గాలి తగిలేచోట వారం రోజులు ఉంచండి. వానాకాలమైతే ఇంకా ఎక్కువే పడుతుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే. తడిమీద రంగు వేస్తే పెచ్చులూడుతుంది. కాబట్టి ప్రయాణానికి పదిహేను రోజుల ముందే మొదలుపెట్టండి.

మిగిలిన ముద్దను తూములో పోయకండి, గొట్టంలో రాయవుతుంది. గిన్నెలోనే గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి. కాలువలోనూ వద్దు. ప్లాస్టరు నీటిలో తొందరగా కరగదు. ప్లాస్టరు విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో చెప్పింది కూడా. నిమజ్జనం చేసే వినాయకుడికి మట్టే మేలు, గోడకు తగిలించే జ్ఞాపకానికి ప్లాస్టరు చాలు.