బోస్టను చిక్కుడు గింజలు: శాకాహార పాకము



‘బేక్డ్ బీన్స్’ అనునది మనలో పలువురికి డబ్బాలో వచ్చు వంటకముగనే పరిచితము. డబ్బాకు పూర్వము అది మట్టికుండలో పుట్టినది. అమెరికాలోని బోస్టను నగరమునకు ఆ కుండ ఎంతటి గుర్తయినదనగా, ‘బీన్‌టౌన్’ అను మారుపేరు ఆ ఊరికి నేటికిని నిలిచియున్నది. అచటి ప్యూరిటనులకు శనివారము సూర్యాస్తమయముతోనే విశ్రాంతిదినము ఆరంభమయ్యెడిది. పిమ్మట వంటపని కూడదు. కావున ముందుగనే గింజలను కుండకెత్తి, పొయ్యిలోని సన్నసెగకు విడిచి, ఆ రాత్రికిని మరునాటి ఉదయమునకును అదియే భుజించెడివారు. దాలిలో పిడకల సెగపై పాలు ఎర్రగా కాగుట ఎరిగినవారికి ఈ పాకరహస్యమును వేరుగా చెప్పనక్కరలేదు.

గింజలతోపాటు ఆ కుండలో ముఖ్యముగా రెండు వస్తువులు పడెడివి. ఒకటి చక్కెర తీయగా మిగిలిన నల్లని మడ్డి, అనగా మొలాసిస్. వెస్టిండీస్ చెరకుతోటలలో బానిసల చెమటతో వచ్చిన ఆ తీపికి చరిత్ర అంత తీయనిది కాదు. రెండవది ఉప్పువేసి నిలువచేసిన పంది మాంసము. దానిని మనము విడిచిపెట్టెదము.

దాలికి నేటి ప్రతినిధి స్లో కుక్కరు. దీని మాతృకకు ఇర్వింగ్ నాక్సన్ అను అమెరికనుడు 1940లో పేటెంటు పొందెను. యూదులు తమ విశ్రాంతిదినము కొరకు రాత్రియెల్ల ఉడికించు ‘చోలెంట్’ను గూర్చి తల్లి చెప్పిన మాటలే ఆయనకు ప్రేరణ యందురు. 1971లో అది ‘క్రాక్‌పాట్’ అను పేర బజారు చేరినది.

అయితే ఈ పాత్రలో నానిన గింజలను నేరుగా పోసి మూతపెట్టి నిశ్చింతగా నిద్రపోరాదు. రాజ్మా జాతి గింజలన్నిటియందును ఫైటోహీమగ్లుటినిన్ అను విషపదార్థము కలదు. ఎర్ర గింజలలో మిక్కుటము. తెల్లవానిలో తక్కువయే, కాని లేకపోలేదు. సరిగా ఉడకని నాలుగైదు ఎర్ర గింజలు చాలును, కొన్ని గంటలలో వాంతులు పట్టుకొనుటకు. 80 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ఆ విషము నశింపకపోగా హెచ్చవచ్చును! మంద సెగపై ఈ కుక్కరు లోపలి వేడిమి ఒక్కొక్కప్పుడు అంతకు మించదు. కావున కనీసము ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో అరగంటసేపు కళపెళ మరిగించవలెనని అమెరికా ఆహార ఔషధ శాఖవారి సూచన.

అరకిలో చిన్న తెల్ల గింజలను, ‘నేవీ బీన్స్’ అనువానిని, రాత్రి నానబెట్టుడు. ఉదయము అటులే అరగంట మరిగించి, సెగ తగ్గించి, వ్రేళ్లనడుమ నలుగువరకు ఉడికించుడు. ఇచట తొందర పనికిరాదు. చింతపండు ముందుగా పడిన పప్పు ఉడకదని మన ఇండ్లలో పిల్లలకైనను తెలియును గదా! మడ్డియు టమాటాయు చేయునది ఆ పనియే. మెత్తబడిన పిదప అవి చేరినచో అదే గుణము మేలగును: ఎనిమిది గంటలు ఉడికినను గింజ చిట్లి గుజ్జుకాదు.

పెద్ద ఉల్లిపాయను తరిగి, రెండు పెద్ద చెంచాల నూనెలో ఎర్రగా వేయించుడు. కొవ్వు లేని లోటు తీర్చునది ఈ వేపుడే, దీనిని తగ్గింపవలదు. అర కప్పు మడ్డి, కొంచెము బెల్లము, మూడు పెద్ద చెంచాల టమాటా ముద్ద, రెండు చిన్న చెంచాల ఆవపిండి, నాలుగు లవంగములు, తగినంత ఉప్పు చేర్చి, గింజలు మునుగునంతగా ఉడికిన నీరే పోయుడు. మడ్డి దొరకనిచో ముదురు బెల్లపు పాకము వాడవచ్చును. రుచిలో ఆ చిరుచేదు మాత్రము రాదు, మాకు అదియొక లోపముగా తోచలేదు. మంద సెగపై ఎనిమిది గంటలు ఉంచుడు. మాటిమాటికి మూత తీసినచో వేడిమి పోయి కాలము పెరుగును. కడపటి అరగంట మాత్రము మూత తీసి, సెగ పెంచినచో పులుసు చిక్కబడును.

బోస్టనులో దీనికి ఆవిరిపై ఉడికిన గోధుమవన్నె రొట్టె తోడు. మన ఇంట జొన్నరొట్టె చక్కగా అమరును. మిగిలినదానిని చల్లార్చి వెంటనే రిఫ్రిజిరేటరులో ఉంచుడు. మరునాటికి మరింత రుచి పట్టును.