అంగారకుడి రాళ్లకు పేర్లు

అంగారకుడి మీద మన రాయదుర్గం పేరుతో ఒక బిలం ఉంది. 60 కిలోమీటర్ల లోపు బిలాలకు లక్ష జనాభా దాటని ఊళ్ల పేర్లు పెట్టడం అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య పద్ధతి. ఆ లెక్కన నెల్లూరు జిల్లాలోని కలిగిరికీ అర్హత ఉంది. రాళ్ల సంగతి వేరు. వాటికి రోవర్‌ను నడిపే శాస్త్రవేత్తలే వాడుక పేర్లు పెట్టుకుంటారు. 1997లో సోజర్నర్ రోవర్ పరిశీలించిన ఒక రాయి పేరు యోగి. అది కార్టూన్ ఎలుగుబంటి పేరు. ఇదంతా పిల్లల ఆట, అంకెలు చాలవా అని అడగవచ్చు. చాలవు. ఏ రాయిని తొలవాలో వందలమంది కలిసి తేల్చుకునేటప్పుడు అంకెలు తారుమారవుతాయి, పేరు నోట నిలుస్తుంది. పైగా ఇప్పుడు ఆ పేర్లకూ ఒక క్రమం ఉంది. క్యూరియాసిటీ రోవర్ బృందం నేలను కిలోమీటరున్నర గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి భూమ్మీది ఒక శిలాప్రాంతం పేర్లు వాడుతోంది.

అయినా అవన్నీ పరాయి పేర్లేగా అంటే, 2021లో పెర్సెవరెన్స్ రోవర్ బృందం అమెరికాలోని నవాహో ఆదివాసుల అనుమతితో వారి మాటలనే రాళ్లకు పెట్టింది. చిన్న భాషకు దక్కిన చోటు తెలుగుకు దక్కకపోదు. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, ఆత్మకూరు, కలిగిరి చుట్టూ ఉన్నది అతిప్రాచీన శిలల నేల. మన దేశపు రోవర్ అంగారకుడిపై దిగేనాటికి ఈ కొండల, ఊళ్ల పేర్ల జాబితాను మన భూగర్భశాస్త్ర విద్యార్థులు ఇప్పుడే సిద్ధం చేయాలి.