పలకని టేపు
(కాపెల్‌లో జరిగిన సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను భాషాపండితురాలిని కాను. సౌండు ఇంజనీరును అసలే కాను. బడిపంతులమ్మను. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలై 1911లో ఆగిపోయిన ఒప్పంద కూలీల ప్రయాణాలు మీరు విన్నవే. మా తాతగారు, అవ్వ చిన్నపిల్లలుగా అలాంటి ఓడల్లోనే నేటాల్ చెరకు తోటలకు వెళ్ళారు. అక్కడ పుట్టిన మూడవ తరం దాన్ని నేను. నా తెలుగు సాయంకాలపు తరగతుల్లో నేర్చుకొన్నది. తప్పులుంటే మన్నించండి.

ఈ రోజు మైకు గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇంతమంది కళాకారులుండగా ఈవిడకు మైకు గొడవెందుకని అనుకోకండి. కారణముంది.

1978లో మా నాన్నగారు ఒక చిన్న క్యాసెట్ రికార్డరు ముందు మా అవ్వను కూర్చోబెట్టి లాలిపాట పాడించారు. అవ్వ కంఠం మాకు మిగిలింది ఆ ఒక్క టేపులోనే. కిందటి ఏడాది దానిని ఫోనులోకి ఎక్కించి, ఇక్కడే ఒక హాలులో మా వాళ్ళందరికీ వినిపించాలనుకొన్నాను. డర్బన్ నుంచి మా చిన్నాన్న వచ్చారు. ఆయనకు ఎనభై ఎనిమిదేళ్ళు. తల్లి గొంతు విని ఎన్నో ఏళ్ళయింది.

ఇంట్లో చెవులకు ఇయర్‌ఫోను పెట్టుకుని విన్నాను. చక్కగా వినబడింది. హాలులో మైకు తీగె గుచ్చే చోట ఫోనును కలపడానికి, ఒక కొస ఫోనుకు, ఇంకొక కొస మైకు సాకెట్టుకు సరిపోయే తీగె నేనే కొని తెచ్చాను. రెండు కొసలూ సరిగ్గా అమరాయి. మీట నొక్కాను. నిశ్శబ్దం. వాల్యూము పెంచితే బుస్సుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. టేపు పాడైపోయిందని అందరూ అనుకొన్నారు. కార్యక్రమం ముందుకు సాగింది. చిన్నాన్న మెల్లగా, "అమ్మ పలకలేదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

మరునాడు పక్కింటి అబ్బాయి వచ్చి చూశాడు. "టీచరుగారూ, టేపు బాగానే ఉందండీ. మీ తీగె పాటను పాటలోంచి తీసేసింది" అన్నాడు. ఎలాగో అతడు చెప్పినట్లే చెబుతాను.

మైకు తీగెలో మూడు పోగులుంటాయి. ఒకటి పైతొడుగు, అంటే ఎర్తు. మిగిలిన రెండూ జంట. ఒకదానిలో శబ్దం పైకి లేస్తే రెండవదానిలో అంతే కిందికి దిగుతుంది. దారిలో కరెంటు తీగెల రొద రెండింటికీ సమానంగా అంటుకొంటుంది. చివర మిక్సరు ఒకదానిలోంచి మరొకదానిని తీసివేస్తుంది. సమానమైన రొద సున్న అవుతుంది, ఎదురెదురుగా ఉన్న పాట నిలుస్తుంది. దీనినే బాలెన్స్‌డ్ అంటారు. టెలిఫోను తీగెలను జంటగా మెలివేసే పద్ధతికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందాడు. మూలం అదే.

ఫోను సంగతి వేరు. దాని ప్లగ్గులో కూడా మూడు భాగాలే ఉన్నాయి, కాని అవి ఎడమ చెవి, కుడి చెవి, ఎర్తు. అవ్వ టేపు ఒకే మైకుతో తీసినది కనుక ఎడమకూ కుడికీ ఒకటే శబ్దం. మిక్సరు ఎడమలోంచి కుడిని తీసేసింది. పాట నుంచి పాట పోతే మిగిలేది సున్న! సినిమా పాటలైతే వాద్యాలు కొంత వినబడి, నడుమనున్న గాయకుడి గొంతు మాయమవుతుంది. మీరూ ఎక్కడో విని ఉంటారు.

ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. మైకు ఇచ్చేది వోల్టులో కొన్ని వేయోవంతులు మాత్రమే. ఫోను, కీబోర్డు దానికి వంద రెట్ల దాకా ఇస్తాయి, శబ్దం పగిలిపోతుంది. పైగా కొన్ని మైకుల కోసం మిక్సరు అదే తీగెలో 48 వోల్టులు పంపుతుంది. అది నేరుగా మన పరికరంలోకి వెళితే పాడుచేయవచ్చు.

మందు ఏమిటి? మిక్సరుకు లైన్ ఇన్‌పుట్ ఉంటే ముందు అది వాడండి. ఎడమకొక ప్లగ్గు, కుడికొక ప్లగ్గు ఉన్న తీగె కావాలి. అది లేకపోతే డి.ఐ. బాక్సు అనే చిన్న పెట్టె పెట్టండి. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న రకంలో రెండు తీగె చుట్టలుంటాయి. అవి ఒకదానినొకటి తాకవు, అయస్కాంత శక్తితోనే పాటను అందించుకొంటాయి. అటు ఒంటి తీగె శబ్దం, ఇటు జంట తీగె శబ్దం. 48 వోల్టులు దాటి రావు. ఫోనుకైతే ఎడమ, కుడి రెండూ తీసుకునే రకం అడగండి. పరికరం నుంచి పెట్టె దాకా తీగె పొట్టిగా ఉండాలి, పెట్టె నుంచి మిక్సరుకు పొడుగైనా ఫరవాలేదు.

లాప్‌టాప్ కలిపితే హమ్మని మోత వస్తే, అది చాలాసార్లు ఎర్తు రెండు దారుల్లో తిరగడం వల్ల. అమెరికా కరెంటు 60 సైకిళ్ళ మోత అది, ఇండియాలో, డర్బన్‌లో 50. పెట్టె మీద ఎర్తు విడదీసే స్విచ్చి ఉంటుంది, అది నొక్కండి. కరెంటు ప్లగ్గులోని మూడవ పుల్లను మాత్రం ఎన్నడూ విరవకండి. అది పాట కోసం కాదు, ప్రాణం కోసం.

అన్నింటికన్నా ముఖ్యం, సభకు ముందే అదే హాలులో, అదే తీగెతో ఒకసారి విని చూడండి. కొస అమరితే చాలదని నాకు ఆలస్యంగా తెలిసింది.

మీ ఇళ్ళ బీరువాల్లోనూ ఇలాంటి టేపులుంటాయి. ఓడలో వెళ్ళినవారివి, విమానంలో వచ్చినవారివి. వాటిని కాపీ చేయించండి. హాలులో పలకకపోతే పాడైందని పారేయకండి.

ఆ రాత్రే మా వంటింట్లో చిన్న స్పీకరు మీద చిన్నాన్న అవ్వ పాట విన్నారు. రెండుసార్లు విన్నారు. ఏమీ మాట్లాడలేదు. కాని హాలుకు నేనింకా బాకీ ఉన్నాను. ఈ బల్ల మీద ఉన్నది ఆ పెట్టే. పొద్దున్నే వచ్చి విని చూశాను. ఇక నా మాట చాలు. దయచేసి మా అవ్వ మాట వినండి.